తాళంచెవి ఎవరి దగ్గరుంటే పూచీ వాళ్లది

"ఇక్కడ జరిగే ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు." షార్జాలోనో రస్ అల్ ఖైమాలోనో ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లలో చాలామంది ఈ వాక్యం కింద సంతకం పెట్టినవాళ్లే. అరబిక్‌లో ఒక పేరా, ఇంగ్లీషులో ఒక పేరా, కింద ఎమిరేట్స్ ఐడీ నంబరు, పక్కన డిపాజిట్ రసీదు. సంతకం పెట్టొద్దని నేను చెప్పను, పెట్టకపోతే గేటు తియ్యరు. కానీ మనిషికి దెబ్బ తగిలిన రోజున ఆ వాక్యానికి ఇక్కడి సివిల్ చట్టం ముందు నిలిచే బలం లేదని తెలిసి పెట్టండి. ఆ సంగతి కాగితం ఇచ్చేవాళ్లకీ తెలియదు, పుచ్చుకునేవాళ్లకీ తెలియదు. అదే ఇందులో తమాషా.

నేను షార్జాలో ఒక ఇన్సూరెన్స్ బ్రోకర్ ఆఫీసులో క్లెయిములు చూస్తాను. మాది కోనసీమ. కార్తీకమాసం వచ్చిందంటే మావాళ్ల వనభోజనాలకి ఫామ్ బుక్ చేసే పని నా నెత్తిన పడుతుంది. కాగితాలు చదివే మనిషినని పేరు పడిపోయింది మరి. గుత్తివంకాయ ఎవరు వండాలి, పులిహోరకి చింతపండా నిమ్మకాయా అన్నదాని మీద వాట్సాప్‌లో వారాల తరబడి చర్చ నడుస్తుంది. ఈతకొలను చుట్టూ కంచె ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ అడిగే పాడుపని నాది. "నువ్వు పండక్కి కూడా క్లెయిము ఫైలు మోసుకొస్తావే" అని మా వదినగారి దెప్పుడు.

ఇక్కడ వనభోజనం అంటే ఉసిరిచెట్టు నీడ దొరకదు. నర్సరీ నుంచి కుండీలో ఉసిరి మొక్క తెచ్చి పెట్టుకుని దాని చుట్టూ దీపాలు వెలిగిస్తాం. నీడకి మాత్రం గాఫ్ చెట్టు ఉంటుంది. అది మన జమ్మి. తెలంగాణకి రాష్ట్ర వృక్షం, ఈ దేశానికి జాతీయ వృక్షం. అంత ఎడారిలో దాన్ని చూస్తే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది, వెంటనే కొమ్మకి ఉయ్యాల కడతారు. ఆ ఉయ్యాల తెగి పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది? చెట్టున్న భూమి యజమానిదా, తాడు కట్టినవాడిదా, అక్కడ ఉయ్యాల కడుతున్నారని చూసి ఊరుకున్న కాపలాదారుదా, ఊగిన మనిషిదా? ఈ ప్రశ్న గురించే ఈ వ్యాసమంతా.

ముందు భూమి సంగతి. ఈ దేశంలో మనలాంటివాళ్లకి పొలం కొనుక్కునే వీలు లేదు. దుబాయిలో 2006 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం భూమి హక్కు ఎమిరాతీలకీ, గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులకీ. మిగతావాళ్లు పాలకుడు ప్రత్యేకించిన ప్రాంతాల్లోనే ఫ్లాటో విల్లానో కొనుక్కోవాలి. ఖర్జూరపు తోటలూ, ఒంటెల దొడ్లూ ఆ ప్రాంతాల్లోకి రావు. అందుకని ధైద్, మసాఫీ, హత్తా దారుల్లో మనం అద్దెకు తీసుకునే ప్రతి మజ్రా, అంటే ఫామ్, వెనకాలా ఒక స్థానిక యజమాని ఉంటాడు. మనవాళ్ల భాషలో అర్బాబ్. కాకపోతే ఆయన మనకి కనిపించడు. ఆయన దగ్గర ఏడాదికి లీజు తీసుకున్నవాడు ఒకడు, వాడి తరఫున ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు పెట్టి బుకింగులు తీసుకునేవాడు ఇంకొకడు, గేటు తీసి నీళ్ల పంపు వేసే నాతూర్ మరొకడు. నాతూర్ చాలాచోట్ల మన జగిత్యాలవాడో, రాయచోటివాడో, లేదంటే బంగ్లాదేశీయో.

దెబ్బ తగిలినప్పుడు ఈ గొలుసులో ఎవరిని పట్టుకోవాలన్నది మామూలు మనిషికి అంతుపట్టదు. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లదే అనుకుంటాం. ఇక్కడి చట్టం చూసేది పట్టాని కాదు, ఆ స్థలం మీద, ఆ వస్తువు మీద ఆ రోజు అజమాయిషీ ఎవరిదన్నది.

యు.ఎ.ఇ. సివిల్ లావాదేవీల చట్టం 1985లో వచ్చింది, ఫెడరల్ చట్టం నంబరు 5. అందులో 282వ అధికరణం నుంచి ఈ వ్యవహారం మొదలవుతుంది. ఎవరికి హాని చేసినా, చేసినవాడు పూడ్చాలి. చేసినవాడికి తెలివితేటలు లేకపోయినా సరే. ఆ వెంటనే 283వది హానిని రెండు రకాలు చేసింది. ఒకటి స్వయంగా చేసిన హాని. దీనికి సాకులు లేవు. రెండోది కారణమై చేసిన హాని. దీనికి మాత్రం హద్దు మీరడం అనేది ఒకటి ఉండాలి, లేదా కావాలని చేసి ఉండాలి, లేదా ఆ పని దానంతట అది హానికి దారితీసేదై ఉండాలి. నేను మా ఆఫీసు కుర్రాళ్లకి చెప్పేదేమిటంటే, క్వాడ్ బైక్ తోలి మనిషిని గుద్దినవాడు మొదటి రకం, బ్రేకు పట్టని బైకు అద్దెకిచ్చినవాడు రెండో రకం. ఇద్దరూ ఒకే ప్రమాదంలో ఉంటే ముందు వేలు స్వయంగా చేసినవాడి వైపే చూపిస్తుంది, అది 284. (నంబర్లన్నీ 1985 చట్టంవి. చట్టాన్ని తిరగరాసినప్పుడు నంబర్లు మారతాయి. మీ అవసరానికి అమల్లో ఉన్న కూర్పు లాయరుని అడిగి చూసుకోండి. సూత్రం గుర్తుంటే నాకు చాలు.)

ఈ విభజన 1985లో పుట్టింది కాదు. ఉస్మానియా తురుష్కుల రాజ్యంలో అహ్మద్ జెవ్దెత్ పాషా ఆధ్వర్యంలో 1869 నుంచి 1876 దాకా కూర్చిన మజల్లా అనే సివిల్ స్మృతిలో ఇదే ఉంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు బాగా నచ్చినది నుయ్యి ఉదాహరణ. బాటసారులు నడిచే దారిలో అనుమతి లేకుండా నుయ్యి తవ్వి, అందులో ఎవరి పశువైనా పడితే తవ్వినవాడు నష్టం కట్టాలి. తన సొంత నేలలో తవ్వుకున్న నూతిలో పరాయి పశువు వచ్చి పడితే కట్టక్కర్లేదు. తన భూమిలో తన హక్కు వాడుకున్నాడు, హద్దు మీరలేదు కాబట్టి.

ఇక్కడే చాలామంది అర్బాబ్‌లు ఆగిపోతారు. "నా భూమి, నా నుయ్యి, నాకేం పూచీ?" అంటారు. కానీ నుయ్యి పక్కన బల్లలు వేసి, రంగు లైట్లు పెట్టి, "ఫ్యామిలీలకి అనుకూలం" అని ఫోటో తీసి, రోజుకింత అని డబ్బు పుచ్చుకుని జనాన్ని పిలిచాక అది కేవలం సొంత నేలలో నుయ్యి కాదు. దారిని నూతి దాకా ఆయనే తెచ్చాడు. నాకు తెలిసిన లాయర్లు ఈ వాదనే పెడతారు, నాకూ అదే సబబనిపిస్తుంది. పిలవకుండా గోడ దూకి వచ్చినవాడి సంగతి వేరు. పిలిచి, డబ్బు తీసుకుని, ప్రమాదం ఉందని చెప్పకపోవడం వేరు.

నిజానికి ఫామ్‌లలో నాకు అన్నిటికంటే భయం వేసేది నీలం టైల్సు వేసిన ఈతకొలను కాదు, తోట తడపడానికి కట్టిన బిర్కా. నలుచదరం సిమెంటు తొట్టి, మెట్లుండవు, పక్కలు నాచు పట్టి జారుతుంటాయి, లోతెంతో పైకి తెలియదు. వేసవిలో పిల్లలకి అదే సముద్రం. అద్దెకిచ్చేవాడు దాన్ని కొలను లెక్కలో చెప్పడు, కాబట్టి కంచె ఉండదు, చూసేవాడూ ఉండడు. ఒకసారి ఒక నాతూర్ నాకు ఫోన్ చేశాడు. కరీంనగర్ వైపు అబ్బాయి. ఎవరో నా నంబరు ఇచ్చారట. "అక్కా, ఒక పిల్లగాడు బిర్కాల పడ్డడు, నేనే దుంకి తీసిన, పానం మంచిగనే ఉంది. గని పోలీసోల్లు నన్నే సంతకం పెట్టమంటున్రు. నా పాస్‌పోర్టు పోతదా?" అన్నాడు. దూకి బతికించినవాడే వణికిపోతున్నాడు. తొట్టిమీద మూత వెయ్యమని అర్బాబ్‌కి రెండు మూడుసార్లు చెప్పాడట, నోటితో. ఇకనుంచి చెప్పేదేదో వాట్సాప్‌లో చెప్పు తమ్ముడూ, ఫోటో తీసి పంపు, అన్నాను. అంతకంటే పెద్ద న్యాయ సలహా నా దగ్గర లేదు.

ఆ అబ్బాయి భయం వట్టిది కాదు. ప్రమాదం జరిగితే రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకటి పోలీసు, ప్రాసిక్యూషన్ దారి. నిర్లక్ష్యంతో ఒకరి ప్రాణానికో ఒంటికో హాని తేవడం 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన నేరాలు, శిక్షల చట్టం కింద కూడా నేరమే, అంతకుముందు 1987 చట్టం కిందా నేరమే. అక్కడ మొదట పేరెక్కేది అక్కడ నిలబడి ఉన్న మనిషిది. రెండోది నష్టపరిహారం దారి. ఇందులో 313వ అధికరణం నాతూర్‌కి కొంచెం ఊపిరి. ఒకరు చేసిన పనికి ఇంకొకరు జవాబుదారీ కాదంటూనే, పనివాడి మీద నిజమైన అధికారం ఉన్నవాడు, ఆ పనివాడు తన పనిలో భాగంగా చేసిన హానికి కట్టాలని జడ్జి ఆదేశించవచ్చు అంటుంది. "వచ్చు" అన్నచోట గమనించండి. అది దానంతటదే జరగదు. బాధితుడు అడగాలి, జడ్జికి సబబనిపించాలి. ఆలోపు నాతూర్ తిరగాల్సిన గడపలు తిరగాల్సిందే.

ఇక మొదట చెప్పిన కాగితం. 296వ అధికరణం ఒక్క వాక్యం. హాని చేసిన పనికి బాధ్యత నుంచి తప్పిస్తామని రాసుకున్న ఏ షరతైనా చెల్లదు. అంతే. అరబిక్‌లో రాసినా, నోటరీ చేయించినా, పెద్ద అక్షరాల్లో ఎర్ర సిరాతో రాసినా అంతే. మరి జిప్‌లైన్ దగ్గరా, క్వాడ్ బైకుల దగ్గరా, గుర్రాల దొడ్డి దగ్గరా అందరూ ఆ కాగితం ఎందుకు నింపిస్తారు? దానికి వేరే ఉపయోగం ఉంది. "ఇక్కడ ఫలానా ప్రమాదం ఉంది, హెల్మెట్ పెట్టుకోవాలి, గుండెజబ్బున్నవాళ్లు ఎక్కకూడదు అని ముందే చెప్పాం, ఆయన చదివి ఒప్పుకున్నాడు" అని చూపించడానికి సాక్ష్యం అది. ఎందుకంటే 290వ అధికరణం ప్రకారం దెబ్బ తిన్నవాడి తప్పు కూడా అందులో ఉంటే జడ్జి పరిహారం తగ్గించవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. 287 ఇంకో అడుగు వేసి, ప్రకృతి వైపరీత్యమో, బయటివాడి పనో, బాధితుడి సొంత చేష్టో అసలు కారణమని రుజువైతే పూచీయే లేదంటుంది. కాబట్టి హెల్మెట్ ఇస్తే తలకి పెట్టుకోకుండా సెల్ఫీకోసం చంకలో పెట్టుకునే మా బావగార్లందరికీ ఒక మాట: ఆ ఫోటో రేపు అవతలి లాయరు చేతిలో ఉంటుంది.

వస్తువుల సంగతికొస్తే చట్టం మూడింటిని విడిగా చెప్పింది. కట్టడం కూలితే దాని యజమానో, దాన్ని చేతిలో పెట్టుకున్నవాడో కట్టాలి, తన తప్పూ అశ్రద్ధా లేవని తనే రుజువు చేసుకోవాలి. అది 315. ఫామ్‌లలో కట్టే తాటాకు పందిళ్లూ, ఇనుప గొట్టాల షెడ్లూ ఇందులోకే వస్తాయని నా లెక్క. 316 ప్రకారం, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వస్తువులూ యంత్రాలూ ఎవరి చేతికింద ఉంటే, వాటివల్ల కలిగే హానికి వాళ్లది పూచీ, తప్పించడానికి వీల్లేనిది తప్ప. క్వాడ్ బైకూ, ఇసుక బగ్గీ, జనరేటరూ, నీళ్ల పంపూ దీనికింద. 314 జంతువులకి. ఒంటె తన్నితే ఒంటె మీద కేసుండదు, దాని పగ్గం పట్టినవాడు అశ్రద్ధ చేశాడా అని చూస్తారు. ఆ ఒంటె ఎవరి ఆస్తి అన్నది అక్కడ పెద్ద ప్రశ్న కాదు. మూడుచోట్లా ఒకే మాట తిరుగుతోంది చూశారా? ఎవరి చేతిలో ఉందీ అని.

ఒంటె దాకా సరే, కొన్ని ఫామ్‌లలో సింహం పిల్లనీ చిరుతనీ చూపించి ఫోటోలు తీయించే సరదా ఒకప్పుడు బాగా ఉండేది. ప్రమాదకర జంతువుల మీద 2016లో వచ్చిన 22వ నంబరు ఫెడరల్ చట్టం ఇళ్లలో, తోటల్లో అలాంటివాటిని పెంచుకోవడాన్ని నేరం చేసింది. ఎవరైనా ఇప్పుడూ చూపిస్తామంటే పిల్లల్ని కారెక్కించి వచ్చేయండి.

క్వాడ్ బైకుల మీద ఇంకొంచెం చెప్పాలి. దుబాయి నుంచి హత్తా వెళ్లే దారిలో మదామ్, బదాయర్ దగ్గర ఎర్ర ఇసుక దిబ్బలున్నాయి, బిగ్ రెడ్ అని అందరికీ తెలిసిన చోటు. చలికాలం వారాంతాల్లో అక్కడ రోడ్డు పక్కనే బైకుల వరసలు. పన్నెండేళ్ల పిల్లాడికీ ఇస్తారు, బేరమాడితే ఇంకో అరగంట కలుపుతారు. దిబ్బ ఎక్కేవాడికి అవతలివైపు నుంచి వచ్చేవాడు కనపడడు. అక్కడి చేతులు విరిగిన ఫైళ్లు నా బల్లమీదికి వస్తుంటాయి. ఆ ఇసుక ఏ అర్బాబ్‌దీ కాదు, ప్రభుత్వ భూమి. కాబట్టి "భూమి యజమాని" అనే ప్రశ్నే అక్కడ లేదు. బైకు ఎవరిది, ఆ రోజు ఎవరిచ్చారు, నడిపిందెవరు. నగదు తీసుకుని రసీదు ఇవ్వనివాడు ఎక్కడ దొరుకుతాడు మనకి? అందుకే లైసెన్సున్న కంపెనీ అంటే వందో రెండొందలో ఎక్కువైనా అక్కడికే వెళ్లమంటాను. లైసెన్సుకి మర్యాద ఎక్కువని కాదు. దానికి ఒక చిరునామా ఉంటుంది, చాలాసార్లు ఒక పాలసీ ఉంటుంది.

మిగతా ప్రపంచం ఈ విషయంలో ఎలా వెళ్లిందో ఒక్కసారి చూడాలి, ఎందుకంటే మన బంధువుల్లో సగం మంది అమెరికాలో ఉన్నారు, అక్కడి రూల్సు ఇక్కడా ఉంటాయనుకుంటారు. అమెరికాలో జనానికి నడవడానికి, చేపలు పట్టడానికి, వేటాడటానికి చోటు కావాలి, భూమిలో చాలా భాగం ప్రైవేటు. కేసులకి భయపడి రైతులు గేట్లు మూసేస్తున్నారు. అందుకని డబ్బు పుచ్చుకోకుండా జనాన్ని తన భూమిలో తిరగనిచ్చే యజమానికి పూచీ బాగా తగ్గించే చట్టాలు తెచ్చారు. 1953లో మిషిగన్ మొదలుపెట్టింది, 1965లో రాష్ట్రాల మండలి ఒక నమూనా చట్టం రాసి పంచింది, ఇప్పుడు ఏదో ఒక రూపంలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఉచితమైతే రక్ష, ప్రవేశ రుసుం తీసుకుంటే ఆ రక్ష పోతుంది. యు.ఎ.ఇ. చట్టంలో ఈ మెలిక లేదు. ఉచితంగా పిలిచినా, డబ్బు తీసుకుని పిలిచినా పైన చెప్పిన అధికరణాలే. "మేం పైసా తీసుకోలేదు కదా" అని మన సంఘాలవాళ్లు చెప్పుకునే మాటకి ఇక్కడ అందుకే అంత బరువు లేదు.

ఇంగ్లండు ఇంకో తోవ. అక్కడ 1957, 1984 చట్టాలు రెండు ఉన్నాయి, స్థలాన్ని చేతిలో పెట్టుకున్నవాడి బాధ్యత మీద. చెషైర్‌లో బ్రెరెటన్ హీత్ అనే పార్కు ఉంది, పాత ఇసుక గని గుంటలో నీళ్లు నిండి చెరువైంది. ఈదవద్దని బోర్డులున్నాయి. 1995లో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు లోతులేనిచోట తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకున్నాడు. కేసు 2003లో ప్రభువుల సభ దాకా వెళ్లి ఓడిపోయింది. ఎదురుగా కనిపించే ప్రమాదంలోకి తెలిసి దూకినవాడి కోసం మిగతా జనం అందరి చెరువూ మూసెయ్యనక్కర్లేదన్నది వాళ్ల ఆలోచన. నాకా తీర్పు కటువుగానే అనిపిస్తుంది, కానీ తప్పనిపించదు. అన్నట్టు అబుదాబిలో అల్ మర్యా ద్వీపంలోని ఆర్థిక మండలంలో ఇంగ్లీషు సామాన్య న్యాయం నేరుగా అమలవుతుంది. వంతెన దాటితే వేరే చట్టం. ఈ దేశంలో ఇలాంటి వింతలు చాలా ఉన్నాయి.

తెలుగువాళ్లకి ఈ విషయంలో మరిచిపోలేని కేసు మాత్రం హిమాచల్‌లో జరిగింది. 2014 జూన్ 8న హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ నుంచి విహారయాత్రకి వెళ్లిన పిల్లలు మండీ జిల్లాలో బియాస్ నదిలో రాళ్లమీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులూ, వెంట వెళ్లిన టూరు నిర్వాహకుడూ కొట్టుకుపోయారు. టీవీల్లో ఆ దృశ్యం చూడనివారు లేరు. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వమని చెప్పి, ఆ భారాన్ని ముగ్గురికి పంచింది. నీళ్లు వదిలిన విద్యుత్ బోర్డుకి 60 శాతం, పిల్లల్ని తీసుకెళ్లిన కాలేజీకి 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 10. ఆ 30 శాతం మీద మీ దృష్టి పెట్టమంటాను. నది కాలేజీది కాదు, ఆనకట్ట కాలేజీది కాదు. పిల్లల్ని తీసుకెళ్లింది మాత్రం కాలేజీయే. వేరే దేశం, వేరే చట్టం, నిజమే. అయినా మా వనభోజనాల కమిటీ సమావేశంలో నేను ఈ అంకెలే చెబుతాను.

ఎందుకంటే బస్సు మాట్లాడి, తలకి ఇంత అని వసూలు చేసి, "పొద్దున్న ఎనిమిదింటికల్లా రండి" అని పిలిచి, ఫామ్ తాళంచెవులు మన చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి ఆ సాయంత్రం దాకా అజమాయిషీలో మనకీ వాటా ఉంది. బిర్కా గేటు తెరిచిపెట్టింది మనవాడైతే అది అర్బాబ్ తప్పని అనలేం. జమ్మికొమ్మకి తాడు కట్టింది మన శ్రీనివాసరావుగారైతే ఉయ్యాల శ్రీనివాసరావుగారిదే. దీపావళికి మిగిలిన టపాసులు కార్తీకంలో ఫామ్‌లో కాలుద్దామనే మహానుభావులుంటారు, వాళ్లకి విడిగా చెప్పాలి. అనుమతి లేకుండా బాణసంచా అమ్మినా దేశంలోకి తెచ్చినా, 2019 నాటి ఆయుధాలు, పేలుడు పదార్థాల చట్టం కింద ఏడాదికి తగ్గని జైలూ, లక్ష దిర్హాములకి తగ్గని జరిమానా, లేదా రెండిట్లో ఒకటి. కాకరపువ్వొత్తి ముచ్చటకి వీసా పోగొట్టుకోవడం ఎందుకు?

పిల్లల విషయంలో ఇంకో మాట. "అక్కడ ఎవరో ఒకరు చూస్తుంటారులే" అని అందరూ అనుకుంటే ఎవరూ చూడరు. వదీమా చట్టమని పిలిచే 2016 నాటి బాలల హక్కుల చట్టం తల్లిదండ్రుల అశ్రద్ధని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కడుపుకోతలో ఉన్న తల్లిని ప్రాసిక్యూటరు ప్రశ్నలు అడగడం ఎంత ఘోరమో ఊహించుకోండి. అందుకే మేం గంటకొకరు చొప్పున పెద్దవాళ్లని నీళ్ల దగ్గర కుర్చీ వేసి కూచోబెడతాం. ఆ గంట ఫోన్ ముట్టుకోకూడదు, పేకాటకి పిలిచినా లేవకూడదు. వంటవాళ్లకంటే ఈ కుర్చీకి మనుషుల్ని ఒప్పించడం కష్టం.

డబ్బెంత అని అందరూ అడుగుతారు. ప్రాణం పోతే దియా, అంటే రక్తపరిహారం, రెండు లక్షల దిర్హాములు. అది చట్టం కట్టిన లెక్క. చాలా గాయాలకి అలాంటి స్థిరమైన అంకె లేదు, వైద్యుల నివేదిక చూసి కోర్టు తేలుస్తుంది, పోయిన సంపాదనా మనోవేదనా కూడా అందులో వస్తాయి. 2019 జూన్ 6న ఈద్ సెలవులు ముగించుకుని మస్కట్ నుంచి వస్తున్న బస్సు దుబాయి రషీదియా దగ్గర ఎత్తు హద్దుగా పెట్టిన ఇనుప దూలానికి గుద్దుకుని 17 మంది పోయారు. డ్రైవరుకి కింది కోర్టు ఏడేళ్ల జైలూ, 34 లక్షల దిర్హాముల దియా వేసింది. 17ని రెండు లక్షలతో గుణించండి, అదే అంకె. జైలు శిక్షని తర్వాత అప్పీలులో తగ్గించారు. అదే ప్రమాదంలో మెదడుకి దెబ్బ తగిలి బతికిన ఒక భారతీయ విద్యార్థికి కోర్టు ద్వారా 50 లక్షల దిర్హాములు వచ్చాయి. ఆ సొమ్ము బీమా నుంచి వచ్చింది. బస్సు కాబట్టి బీమా తప్పనిసరి. ఫామ్‌కి, బిర్కాకి, ఒంటెకి అలాంటి తప్పనిసరి బీమా లేదు. మూడోపక్షం పూచీ పాలసీ అని ఒకటి దొరుకుతుంది, ఒకరోజు కార్యక్రమానికి కూడా ఇస్తారు. వందమంది వనభోజనానికి దాని ప్రీమియం మన ఐస్‌క్రీం ఖర్చుకంటే పెద్దగా ఎక్కువ ఉండదని చెబితే మా కోశాధికారి నమ్మలేదు. కొటేషన్ చూపించాక నమ్మాడు, ఐస్‌క్రీం మాత్రం తగ్గించనివ్వలేదు.

ఫామ్ డబ్బులెందుకు దండగ, వాదీకి పోదాం అనేవాళ్లూ ఉంటారు. కొండల మధ్య ఎండిన వాగు, షౌకా లాంటి చోట్లు, నిజంగా అందంగానే ఉంటాయి. కానీ అక్కడ అడగడానికి యజమాని ఉండడు, పూచీ పడేవాడూ ఉండడు. పైనెక్కడో కొండలో వాన కురిస్తే ఎండలో కూచున్న మన మీదికి నీళ్లొస్తాయి. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజులోపే 254 మిల్లీమీటర్లు పడింది, 1949లో రికార్డులు మొదలయ్యాక ఈ దేశం చూడని వాన. అంతకు ముందే, 2023లో, హోం శాఖ జరిమానాలు పెంచింది. వాన రోజున వాదీల దగ్గర, ఆనకట్టల దగ్గర గుమిగూడితే వెయ్యి దిర్హాములు, ఆరు బ్లాక్ పాయింట్లు. పారుతున్న వాదీలోకి బండి దించితే అప్పటి లెక్కలో రెండు వేలు, 23 పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. ఫుజైరాలోని వాదీ వురయ్యాకైతే పోనే పోకండి. 2009 నుంచి అది రక్షిత ప్రాంతం. 2013 చివర్లో జనాన్ని రానివ్వడం ఆపేశారు. జనం వేసిన చెత్తా, కాల్చిన మంటలూ అందుకు కారణాల్లో ఉన్నాయి.

ఇంత చెప్పి ఫామ్‌లు మానేయమని నేననడం లేదు. ఏడాదంతా ఏసీ గదుల్లో మగ్గే మనకి మట్టిమీద చాప వేసుకుని అరటాకులో తినే రోజు కావాలి. అర్బాబ్‌లంతా చెడ్డవాళ్లూ కారు. కంచె ఏదని నేనడిగితే నవ్వి, పై వారానికల్లా కట్టించి ఫోటో పంపిన పెద్దాయన ఉన్నాడు. అడిగేవాళ్లు లేకే చాలాచోట్ల కంచె లేదు.

కాబట్టి ఈ కార్తీకానికి అడ్వాన్సు పంపేముందు కాసిని ప్రశ్నలు వాట్సాప్‌లోనే అడగండి, జవాబు రాతలో ఉంటుంది. ఫామ్ అద్దెకివ్వడానికి అనుమతి ఉందా, మూడోపక్షం పాలసీ ఉందా, బిర్కాకి మూత ఉందా, ఆ రోజు తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి. వెళ్లగానే స్థలమంతా ఒక వీడియో తియ్యండి. ఏదైనా జరిగితే రాజీ కబుర్లకి ముందు పోలీసు రిపోర్టూ, ఆస్పత్రి రిపోర్టూ తీసుకోండి. 1985 చట్టం ప్రకారం, హాని జరిగిందనీ, దానికి కారకుడు ఎవరనీ తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్లలోపే పరిహారం దావా వెయ్యాలి. నాతూర్ ఫోన్ నంబరు వంటవాళ్ల దగ్గర కూడా ఉండాలి. అంబులెన్స్ 998, పోలీసు 999, అగ్నిమాపక దళం 997.